విజయ మిస్త్రీ కొన్న లేతు

బరంపురం గోసాని నువాగాంలో మా వీధి చివరింటావిడ పేరు విజయకుమారి. ఆ పేరు చెప్పి అడిగితే మాత్రం ఎవరూ ఇల్లు చూపించలేరు. విజయ మిస్త్రీ అనాలి. ఒడియావాళ్లూ అలాగే అంటారు, తెలుగువాళ్లూ అలాగే అంటారు. నేను ఆవిడకి రెండిళ్ల ఇవతల పాతికేళ్లుగా ఉంటున్నాను. ఊళ్లో తెలుగు బడి ఉన్నన్నాళ్లూ టీచరు పని చేసి రిటైరయ్యాను. విజయ సాయంత్రం పని నుంచి వస్తూ నా అరుగు మీద కూర్చుని, చేతులకంటిన నల్లటి నూనె పాత గుడ్డతో తుడుచుకుంటూ మాట్లాడేది. నేను చెప్పేదంతా అలా ఆవిడ నోట విన్నదీ, కొంత కళ్లారా చూసిందీ.

విజయది గిరిసోల అనే పల్లె. తండ్రి లక్ష్ముడు వేరేవాళ్ల పొలాల్లో కూలిపని చేసేవాడు. విజయకి పదమూడో ఏట ఒక పొలంలో నీళ్ల పంపు విరిగితే, విరిగిన కడ్డీని సంచిలో వేసుకుని తండ్రీ కూతురూ బరంపురం వచ్చారట. గేటు బజారు వెనక పాత్రోబాబు వర్క్‌షాపులో ఆ పిల్ల మొట్టమొదటిసారి లేత్ మిషను చూసింది. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటే, దానికి ఆనించిన ఉలిలాంటి పనిముట్టు కింద నుంచి ఇనుము ఉంగరాలు ఉంగరాలుగా లేస్తోంది. "దోసకాయ తొక్క తీసినట్టు తీసేత్తన్నాడు టీచరమ్మగారూ. ఇనుమూ, దోసకాయా ఒకటేటి? ఆ పూట నాకు అన్నం సయించనేదు" అని చెప్పింది నాతో.

పదో తరగతి అయ్యాక ఐటీఐకి వెళితే, అక్కడి గుమాస్తా కుట్టుపనిలో సీటుందన్నాడు. విజయ లేతు పని నేర్పే టర్నరు సీటు కావాలంది. ఆయన తలెత్తి చూసి, "అది మగపిల్లలది" అన్నాడు. "కాయితం మీద అలగ రాసుందా బాబూ?" అని అడిగింది. రాసి లేదు. సీటు ఇవ్వక తప్పలేదు. రెండేళ్ల తర్వాత ఏ వర్క్‌షాపులో కడ్డీ తిరగడం చూసిందో ఆ పాత్రోబాబు దగ్గరే పనికి చేరింది. అక్కడే ఇరవై ఏడేళ్లు చేసింది. మధ్యలో పెళ్లయింది. భర్త నాగరాజు బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి నడిచే ప్రైవేటు బస్సుకి డ్రైవరు. నెమ్మదైన మనిషి. అత్త దేముడమ్మ నెమ్మదైన మనిషి కాదు.

నాలుగేళ్ల కిందట పాత్రోబాబు పోయాడు. ఏడాది తిరిగేసరికి పిల్లలు ఆ జాగా అమ్మేశారు. అందులో ఇప్పుడు పెళ్లిళ్ల హాలు ఉంది. మిషన్లని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశారు. ఇన్నేళ్లూ తను పని చేసిన లేతుని గ్యాసు మంటతో మూడు ముక్కలు చేస్తుంటే విజయ రోడ్డుకి అవతల నిలబడి చివరిదాకా చూసింది. ఆ సాయంత్రం నా అరుగు మీద కూర్చుంది. చేతులకి నూనె లేదు. అయినా గుడ్డతో తుడుచుకుంటూనే ఉంది.

నెల తిరక్కుండానే ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంకొకళ్ల దగ్గర పనికి వెళ్లదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత లేతు పెట్టుకుంటుంది. పాత ఖాతాదార్లందరూ తెలుసు. వర్క్‌షాపు మూసేశారని చెప్పినా వినకుండా కొందరు ఇరుసుకి తొడిగే బుష్షులు అరిగినవి పట్టుకుని ఇంటికే వస్తున్నారు. కావలసింది మిషనే.

అయితే కొత్తదా, పాతదా?

"కొత్తదే" అన్నాడు నాగరాజు. "ముప్పై ఏళ్లు పాత బస్సులు తోలి నా నడుం ఇరిగిపోనాది. పాతవాటి సంగతి నాకు సెప్పకు."

"పాత గేదైనా పళ్లు సూసి కొనుక్కుంటే పాలిత్తాది" అంది దేముడమ్మ. "కొత్త పెయ్య ఎప్పుడు కడతాదో, ఎప్పుడు ఈనుతాదో!"

"అత్తా, అది మిషను."

"నాను మాత్రం ఏటన్నాను? మిషనుకి పళ్లుండవేటి?"

ఉంటాయి. గేర్లకి ఉండేవి పళ్లే. విజయ ఆ మాట పట్టుకుని రెండు రోజులు నవ్వింది.

ముందు కొత్తవే చూద్దామని మొగుడూ పెళ్లాం రైలెక్కి విశాఖపట్నం వెళ్లారు. అక్కడి దుకాణం కుర్రాడు అద్దంలా మెరిసే తెల్లటి మిషను దగ్గరికి తీసుకువెళ్లి, నాగరాజు మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడట. ఎంత వేగం, ఎంత గ్యారంటీ, ఆపడానికి ఎర్ర బొత్తం ఎక్కడుంది. నాగరాజు అంతా విని, "బాబూ, నాకు బస్సు తోలడవొక్కటే తెల్సు. సెప్పేదేదో ఆవిడికి సెప్పు" అన్నాడు. ఈలోగా విజయ మిషను పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడుగున వేలుపెట్టి తడుముతోంది. రంగు కింద పుట్టీ తగిలింది. పోతపోసిన ఇనుములో గుంటలుంటే అలా పూడుస్తారు. మూత తీయించింది. లోపల ఒక గేరు ప్లాస్టిక్‌ది. సంచిలోంచి తను తెచ్చుకున్న కడ్డీ తీసి, "ఒక్క కోత కోసి సూడనిత్తావా?" అని అడిగింది.

కోసింది. పైపైన తీస్తే పట్టులా తీసింది. కొంచెం లోతుగా పెట్టేసరికి మిషను గజగజ ఊగింది. బరువు లేదు మరి.

"కానీ అబద్ధమెందుకూ, నాకు నచ్చినాది టీచరమ్మగారూ" అంది విజయ తిరిగొచ్చాక. "ఎక్కడా సిన్న గీత నేదు. ఇంటి కరెంటుతోనే నడుస్తాది. ఆ పిడి తిప్పితే ఎన్నలాగ తిరిగింది. ఇన్నేళ్లూ ఒకడు వాడి పారేసిందే నాను వాడినాను. నాకోసవే ఇప్పిన డబ్బాలోంచి మిషను రావడవంటే..." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూసి, కొత్తదే కొనుక్కోమని నేనూ అన్నాను. ఒక్క ఇబ్బంది ఉంది. రెండడుగులకి మించిన కడ్డీ దాని మీద పట్టదు. అంతకంటే పెద్ద కొత్త మిషను కొనే తాహతు ఆవిడకి లేదు.

శ్యామసుందరరావుగారి లేతు సంగతి చెప్పింది నేనే. ఆయన మాకు రెండు వీధుల అవతల ఉంటారు. శ్రీకాకుళం వైపు నుంచి ఆయన తండ్రి మిల్లు ఉద్యోగానికి ఇక్కడికి వస్తే, ఈయనా ఆ మిల్లులోనే మిషన్లు బాగుచేస్తూ రిటైరయ్యారు. మిల్లువాళ్లు ఎప్పుడో పాత సామాను వేలం వేస్తే ఆరడుగుల పాత లేతు ఒకటి పాడుకుని తెచ్చి పెరట్లో పెట్టుకున్నారు. జీతానికి కాదు, సరదాకి. గడియారాలకి ఇరుసులు, కుట్టుమిషన్లకి చక్రాలు, వీధి పిల్లలకి ఇత్తడి బొంగరాలు చేసేవారు. డెబ్భై ఎనిమిదో ఏట చేతులు వణకడం మొదలైంది. ఒకసారి పనిముట్టు జారి చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. దాంతో ఆయన భార్య శ్యామలాదేవి, "మీరైనా ఉండాలి, అదైనా ఉండాలి" అని తేల్చి చెప్పేసింది.

ఆయన అమ్ముతానన్నారే గాని, వచ్చిన నలుగురినీ తిప్పి పంపేశారు. ఒకడు "ఎన్ని క్వింటాళ్లుంటుంది?" అని అడిగాడట. ఇంకొకడు దాని మీద టీ గ్లాసు పెట్టాడట.

విజయ వెళ్లిన రోజు నేనూ వెళ్లాను, దేముడమ్మా వచ్చింది. పెరటి షెడ్డులో మిషను మీద కప్పిన దుప్పటి రావుగారే తీశారు. నల్లగా, బరువుగా, ఎక్కడా తుప్పు చుక్క లేకుండా ఉంది. విజయ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లింది. ఆయన అది చూశారు. స్టూలు తెచ్చి వేశారు.

ముందు గేర్ల మూత తీయించింది. దేముడమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టింది. రెండు విరిగితే ఇత్తడి పోసి అతికి ఉన్నాయి. "నాకున్నవాటి కంటే బాగున్నాయే కోడలా" అంది. రావుగారు పగలబడి నవ్వారు.

తర్వాత విజయ తన కడ్డీ బిగించి, మూరెడు పొడవున సన్నటి కోత కోసింది. మిషను ఊగలేదు. నీళ్లు పారిన చప్పుడులా ఒకే శ్రుతిలో నడిచింది. ఆపి, మైక్రోమీటరుతో ఆ కొస కొలిచింది, ఈ కొస కొలిచింది. మళ్లీ కొలిచింది. మైక్రోమీటరు రావుగారి చేతికిచ్చింది.

"సక్ దగ్గిర లావొచ్చింది రావుగారూ. ఎంట్రుకలో సగం."

కడ్డీని పట్టి తిప్పే చక్ దగ్గరే ఏ లేతు మీదైనా పని ఎక్కువ. ఏళ్ల తరబడి అక్కడే పనిముట్టు అటూ ఇటూ జరిగి జరిగి కింద పట్టాలు అరుగుతాయి. అరిగినచోట పనిముట్టు ఒక నలుసంత దిగి, వెనక్కి తగ్గుతుంది. అంతమేరా కడ్డీ లావుగా మిగిలిపోతుంది.

"అసంభవం" అన్నారాయన. "ముప్పై ఐదేళ్లు చేశానమ్మా దీని మీద. ఒక్కటి తేడా రాలేదు. ఈ మిషను నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు."

"మోసం కాదండీ. అరిగిపోనాది. అంతే."

రావుగారు మైక్రోమీటరు బల్ల మీద పెట్టేశారు. దుప్పటి తీసి మిషను మీద మెల్లగా కప్పారు. నాలుగు మూలలూ సర్దారు. "ఇంకోరోజు చూద్దాం" అని లోపలికి వెళ్లిపోయారు. శ్యామలాదేవి తెచ్చిన టీ మేం ముగ్గురమే తాగాం.

విజయ ఇంటికొచ్చాక నాగరాజుతో, "సోమవారం విశాపట్నం ఫోను సేసీ. కొత్తదే తీసుకుందాం" అంది. పెద్దాయన మనసు నొప్పించానని ఆవిడకి లోపల కష్టంగా ఉంది. కానీ కొలత కొలతే కదా.

సోమవారం ఫోను చెయ్యకముందే దగ్గర్లోని రామయ్యపట్నం రేవు నుంచి కాసులు దిగాడు. కాసులు సముద్రంలో వేటకెళ్లే మనిషి, పాత్రోబాబు నాటి ఖాతాదారు. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లోనే అందరూ పడవలు బాగుచేయించుకుంటారు. నిషేధం ఎత్తేయడానికి ఇంకా మూడు రోజులుంది. కాసులు పడవ ఇంజను నుంచి నీళ్లలోని ఫ్యాను దాకా వెళ్లే కడ్డీ, నాలుగడుగులది, అరిగి వంకరపోయింది. కొత్త ఉక్కు కడ్డీ భుజాన వేసుకుని వచ్చాడు.

"విజయప్పా, ఊరంతా తిరిగొచ్చినాను. అందరూ వారం ఆగమంతన్నారు. వారానికి అందరి పడవలూ ఎలిపోతాయి, నాది ఇసక మీదుంటాది. నువ్వే దిక్కు."

"నా దగ్గిర మిషను నేదు కాసులూ."

"తెల్సు. అయినా నీ దగ్గిరికే ఒచ్చినాను."

విజయ ఆ కడ్డీ కేసి చూసింది. విశాఖపట్నంలో చూసిన మిషను ఇప్పుడు షెడ్డులో ఉన్నా దీని పొడవు పట్టదు. ఊళ్లో ఖాళీగా ఉండి దీన్ని పట్టగలిగిన లేతు ఒక్కటే ఉంది. చెప్పులు తొడుక్కుని, కాసుల్ని వెంటబెట్టుకుని రావుగారి గేటు ముందు నిలబడింది.

ఆయన వరండాలోంచి లేవలేదు. "అరిగిపోయిన మిషనుతో నీకేం పనమ్మా?"

"పనుందండీ. కోపం తరవాత పడదురు. ఈ మనిషి మూడు రోజుల్లో వేటకెల్లాల."

కాసులు దణ్ణం పెట్టాడు. రావుగారు కాసేపు ఆ కడ్డీనీ, ఆ మనిషి ఎండకి పగిలిన పాదాల్నీ చూసి, లేచి తాళం తీశారు.

విజయ కడ్డీని రెండు కొసలా బిగించి పని మొదలుపెట్టింది. రావుగారు స్టూలు మీద కూర్చున్నారు. చివరి కోత. పనిముట్టు కుడి నుంచి మెల్లగా జరుగుతూ చక్ వైపుకి వస్తోంది. ఇంకా జానెడు దూరం ఉందనగా ఆయన ఒళ్లోని కుడిచెయ్యి దానంతటదే లేచి గాలిలో చిన్నగా తిరిగింది, పిడి తిప్పినట్టు.

"అర గీత లోపలికి" అన్నారు.

"ఏటండీ?"

"పిడి మీద గీతలున్నాయి కదా, అందులో సగం తిప్పు. ఆఁ. ఇంకో నాలుగు వేళ్లు పోయాక ఇంకో సగం."

విజయ అలాగే తిప్పింది. కోత పూర్తయింది. మిషను ఆపి కొలిచింది. ఈ కొస, మధ్య, ఆ కొస. తేడా లేదు. తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన తన చెయ్యి చూసుకుంటున్నారు.

"ఎప్పటి నుంచి తిప్పుతున్నానో నాకే తెలీదమ్మాయ్" అన్నారు. "అది అరుగుతూ ఉంది, నేను సర్దుతూ ఉన్నాను. తిప్పుతున్నానని కూడా తెలీదు. నువ్వన్నది నిజమే. నేనే నిన్ను..."

"ఒద్దండీ" అంది విజయ.

మూడో రోజు తెల్లారగట్ల కాసులు పడవ అందరితోపాటే సముద్రంలోకి వెళ్లింది. మర్నాడు రెండు ఇళ్లకి చందువా చేపలొచ్చాయి. రావుగారింట్లో తినరు. ఆ వాటా మా ఇంటికొచ్చింది.

ఆ తర్వాత వారం రావుగారే మా వీధికి నడిచొచ్చి, విజయని కూర్చోబెట్టి మరీ చెప్పారు: "కొత్తది కొనుక్కో. అది చిన్నదే, కానీ నిటారుగా కోస్తుంది. నా దాని వంకర నా చేతికి తెలుసు, నీ చేతికి తెలీదు. నీకు ఇంకా పదిహేనేళ్ల పనుంది. అరిగిందాన్ని నీకు అంటగడితే నాకు నిద్రపట్టదు."

ధర పెంచడానికో, బతిమాలించుకోడానికో అన్న మాట కాదది. విజయ వారం రోజులు ఆలోచించింది. ఒకనాడు కొత్తదనేది, ఇంకొకనాడు పాతదనేది. నాగరాజుకి విసుగొచ్చి, "రెండూ ఒద్దు, ఇడ్లీ బండి పెట్టుకో" అన్నాడు. చివరికి ఒక సాయంత్రం నా అరుగు మీద తేల్చింది.

"టీచరమ్మగారూ, కొత్తది అద్దంలాగుంది, నిజవే. దాని రోగాలు ఇంకా పుట్టనేదు. పుట్టినాక ఏ జాగాలో పుడతాయో నాకు తెల్దు. ఆ గేరిరిగితే ఎవుడిని అడగాల? దీని రోగం ఏటో, ఎక్కడుందో, ఎంతుందో నాకు తెల్సు. మందు కూడా తెల్సిపోనాది. నా దగ్గిరికొచ్చేది పడవలోలు, పంపులోలు. ఆలకి పొడుగు కావాల, బరువు కావాల. నాకు మెరుపెందుకు?"

లేచి వెళ్తూ, "ఆ తెల్లది మాత్రం బాగుంది" అని నవ్వింది.

రావుగారు ఒప్పుకున్నారు. తీరా తీసుకెళ్లే రోజు నాగరాజు బస్టాండు నుంచి ఆరుగురిని వెంటబెట్టుకొచ్చాక తెలిసింది, మిషను గుమ్మంలోంచి రాదని. ముందు మిషను దింపి, తర్వాత దాని చుట్టూ షెడ్డు కట్టించారు రావుగారు. ఆ సంగతి ఆయనే మర్చిపోయారు. విప్పి తీద్దామంటే, కాళ్లతో కలిపి ఒకే పోతగా ఉన్న పీఠమే ఆ ఇరుకు గుమ్మం కంటే వెడల్పు.

శ్యామలాదేవి వంటింట్లోంచి వచ్చి, "ఆ గోడ పడగొట్టండి. గాలైనా వస్తుంది" అంది. సుత్తి తెచ్చి మొదటి దెబ్బ రావుగారే వేశారు. చెయ్యి వణికి దెబ్బ పక్కకి పోయింది. రెండోది తగిలింది. మూడో ఇటుక రాలాక సుత్తి నాగరాజుకిచ్చి, దుమ్ము తుడుచుకుని కూర్చున్నారు. అరగంటలో మనిషెత్తు కంత పడింది.

కింద ఇనుప పైపులు వేసి, ఒక్కొక్క అడుగూ దొర్లించుకుంటూ రెండు వీధులు దాటించేసరికి మధ్యాహ్నమైంది. పాన్ దుకాణం సాహు తన బెంచీ లోపల పెట్టుకుని, తనూ ఒక చెయ్యేశాడు. దేముడమ్మ ముందు నడుస్తూ, ఎదురొచ్చిన ప్రతి స్కూటరువాణ్ణీ ఒడియాలో కేకలేసి పక్కకి తోలింది. మిషను షెడ్డులోకి దిగాక పసుపు రాసి, నిమ్మకాయ కోసి అటొకటి ఇటొకటి వేసింది. విజయ ఇంటి కరెంటుకి సరిపోయే మోటారు బిగించుకుంది. మొదటి నెలలో మూడు బుష్షులు పాడుచేసింది. ఆ మూడూ రావుగారికి చూపించి తిట్లు తింది. నాలుగో నెలకి ఆవిడ చెయ్యి దాని దారి పట్టింది.

ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. నాగరాజు ఇప్పటికీ, కరెంటు పోయినా సరే, "కొత్తది కొనుంటే" అనే మొదలుపెడతాడు. రావుగారు మంగళవారాలూ శనివారాలూ వచ్చి, పనిముట్లు పదును పెట్టే దగ్గర కూర్చుని, ఏ కోణంలో పట్టాలన్నదాని మీద విజయతో గొడవ పడతారు. సగం సార్లు విజయదే నెగ్గుతుంది. ఆయన ఇంటికెళ్లి శ్యామలాదేవితో ఆ సంగతి గొప్పగా చెబుతారట.

ఎండాకాలంలో అప్పడాలు ఆరబెట్టుకోడానికి దేముడమ్మ మా డాబా మీదికొస్తుంది. వీధి చివర మిషను నడుస్తుంటే చెవి రిక్కించి కూర్చుంటుంది. నిన్న మధ్యాహ్నం అలాగే కూర్చుని, అప్పడం తిరగేస్తూ, "ఇది ఇత్తడి" అంది నాతో. కాసేపటికి చప్పుడు మారింది. "ఇప్పుడు ఇనుము. రామయ్యపట్నపోడిది కామోసు. కోడలు ఇయ్యాల అన్నానికి రాదు, నానే పట్టుకెల్లాల" అని మోకాళ్ల మీద చేతులానించి లేచింది.